ఒకే ఇంటిపేరు, వేరు వేరు గడపలు

నాగర్‌కర్నూల్ ఎంపీ మల్లు రవి. ఆయన తమ్ముడు మల్లు భట్టి విక్రమార్క రాష్ట్ర ఉప ముఖ్యమంత్రి. వీళ్ల అన్న మల్లు అనంతరాములు కూడా ఒకప్పుడు నాగర్‌కర్నూల్ నుంచే లోక్‌సభకు వెళ్లారు. ఇటు సూర్యాపేట వైపు వస్తే, సాయుధ పోరాటంలో తుపాకి పట్టిన మల్లు స్వరాజ్యం పేరు వినని ఊరుండదు. 1978లో, 1983లో ఆమె తుంగతుర్తి ఎమ్మెల్యేగా గెలిచారు. నలుగురూ రాజకీయాల్లో ఉన్నవాళ్లే, నలుగురి పేర్ల ముందూ ‘మల్లు’ ఉంది. దూరం నుంచి చూసేవాళ్లకు ఇదంతా ఒకే కుటుంబం అనిపిస్తే తప్పు పట్టలేం.

కానీ ఇవి రెండు వేరు వేరు గడపలు. రవి, భట్టి సోదరులది ఖమ్మం జిల్లా వైరా మండలంలోని స్నానాల లక్ష్మీపురం. దళిత కుటుంబం. నాగర్‌కర్నూల్ ఎస్సీలకు రిజర్వు అయిన సీటు. స్వరాజ్యం గారి సంగతి వేరు. ఆమె పుట్టింది సూర్యాపేట తాలూకా కరివిరాల కొత్తగూడెంలో, భీమిరెడ్డి వారి ఇంట్లో. దళాలను నడిపిన భీమిరెడ్డి నరసింహారెడ్డి ఆమెకు సొంత అన్న. మల్లు వెంకట నరసింహారెడ్డిని పెళ్లి చేసుకున్నాక ఆమె మల్లు స్వరాజ్యం అయ్యారు. అంటే, ఒకే తల్లి కడుపున పుట్టి ఒకే ఉద్యమంలో నడిచిన అన్నాచెల్లెళ్లకు రెండు ఇంటిపేర్లు. ఏ చుట్టరికమూ లేని రెండు కుటుంబాలకు ఒకటే ఇంటిపేరు.

ఈ చిక్కు మల్లు దగ్గర మొదలై మల్లు దగ్గర ఆగేది కాదు. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పేరున్న మనుషుల్ని, పేరున్న కంపెనీల్ని ఇంటిపేరు పట్టుకొని లెక్క కడితే అడుగడుగునా తప్పులు వస్తాయి. ఎన్నికలప్పుడు ‘ఫలానా ఆయన ఫలానా కంపెనీ వాళ్ల మనిషేనట’ అని వాట్సాప్‌లో తిరిగే మాటల్లో చాలావాటికి ఆధారం ఇంటిపేరు తప్ప ఇంకేమీ ఉండదు. అలాంటి మాట ఒక మనిషి మీద లేని మచ్చ వేయగలదు, లేని గొప్పా కట్టబెట్టగలదు. అందుకే తెలుగు ఇంటిపేరు అసలు దేన్ని చెబుతుంది, దేన్ని చెప్పదు అన్నది నిదానంగా విప్పి చూడాలి.

ఊరు వదిలితేనే ఊరి పేరు

మన ఇంటిపేర్లు ఎక్కువగా ఊరి పేర్లే. మిగతావి పూర్వీకుడి పేరు నుంచో, చెట్టు, గింజ, వస్తువు పేర్ల నుంచో, చేసిన కొలువు నుంచో వచ్చాయి. ఊరి పేరు ఇంటిపేరు కావడంలో ఒక కిటుకు ఉంది. ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఆ పేరుతో ఎవరూ పిలవరు. అందరిదీ అదే ఊరు అయినప్పుడు ఆ గుర్తుతో పనేముంది? ఊరు దాటి ఇంకో ఊళ్లో దిగినప్పుడే ‘దేవరకొండ నుంచి వచ్చినోళ్లు’ అనే మాట పుడుతుంది. రెండు తరాలు గడిచేసరికి అది ‘దేవరకొండోళ్లు’ అవుతుంది. ఆ తర్వాత కాగితాల్లోకి ఎక్కుతుంది.

దీనికి బూర్గుల రామకృష్ణారావు గారిని మించిన ఉదాహరణ లేదు. 1952 నుంచి 1956 దాకా హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి. పుట్టింది కల్వకుర్తి దగ్గరి పడకల్‌లో, స్వగ్రామం షాద్‌నగర్ వైపున్న బూర్గుల. ఆయన అసలు ఇంటిపేరు పుల్లంరాజు. చదువుకు, వకాల్తాకు, రాజకీయానికి హైదరాబాద్ చేరాక ఊరి పేరే ఆయనకు ఇంటిపేరుగా స్థిరపడింది. విద్యార్థి ఉద్యమంలో పేరు తెచ్చుకున్న ఆయన అన్న కొడుకు నర్సింగరావును కూడా లోకం బూర్గుల నర్సింగరావు అనే అన్నది. ఒక్క తరంలోనే పాత ఇంటిపేరు వెనక్కి పోయి కొత్తది ముందుకొచ్చింది. కాబట్టి పుల్లంరాజు అన్న పేరు ఉన్నవాళ్లలో బూర్గుల వారి దాయాదులు ఉండవచ్చు. బూర్గుల అన్న పేరు ఉన్నవాళ్లలో ఆయనకు ఏమీ కానివాళ్లు ఉండవచ్చు. పైనుంచి చూసి ఇది చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఒకే ఊరి నుంచి బయలుదేరిన వాళ్లందరూ ఒక కులం వాళ్లు కారు, ఒక కాలంలో కదిలినవాళ్లూ కారు. పురోహితుడు వెళ్లాడు, రైతు వెళ్లాడు, నేతగాడు వెళ్లాడు. వెళ్లిన చోటల్లా అందరికీ ఒకే ముద్ర పడింది. ఒక ఇంటిపేరు నాలుగు కులాల్లో కనబడటానికి అసలు కారణం ఇదే.

దేవరకొండ సంగతే చూడండి. నల్లగొండ జిల్లాలో ఉన్న ఆ కోట 14వ శతాబ్దంలో రేచర్ల పద్మనాయకులది. వాళ్ల మరో రాజధాని రాచకొండ. ఆ కొండ కింద నుంచి శతాబ్దాలుగా ఎందరు ఎటు వెళ్లారో! కవి దేవరకొండ బాలగంగాధర తిలక్ 1921లో పుట్టింది తణుకు దగ్గరి మండపాకలో. సినిమా నటుడు విజయ్ దేవరకొండ కుటుంబానిది నాగర్‌కర్నూల్ జిల్లా బల్మూర్ మండలంలోని తుమ్మన్‌పేట, అచ్చంపేట దగ్గర. ఒకరిది గోదావరి నేల, ఒకరిది నల్లమల అంచు. కవికీ నటుడికీ మధ్య కలిసేది ఇంటిపేరు మాత్రమే. పైగా నటుడి పేరును ఇంగ్లీషులో రాసే స్పెల్లింగు, ఊరి పేరును రాసే స్పెల్లింగు ఒక్క అక్షరం తేడాగా ఉంటాయి. తెలుగులో ఆ తేడా కనపడదు.

రాచకొండ కూడా ఇంతే. ఇప్పుడు ఆ మాట వినగానే పోలీసు కమిషనరేటు గుర్తొస్తుంది. కానీ ఉత్తరాంధ్ర జీవితాన్ని కథల్లోకి తెచ్చిన రచయిత రాచకొండ విశ్వనాథశాస్త్రి ఇంటిపేరు అదే. ఆయన పేరు చుట్టూ ఇంకో ముడి ఉంది. అందరూ ఆయన్ను ‘రావిశాస్త్రి’ అంటారు. అందులోని ‘రావి’ ఇంటిపేరు కాదు. రాచకొండలోని ‘రా’, విశ్వనాథలోని ‘వి’ కలిస్తే వచ్చింది. నిజంగా ‘రావి’ ఇంటిపేరుగా ఉన్నాయన మన భువనగిరి దగ్గరి బొల్లేపల్లిలో పుట్టిన రావి నారాయణరెడ్డి. 1952లో నల్లగొండ నుంచి జవహర్‌లాల్ నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకు వెళ్లిన కమ్యూనిస్టు నాయకుడు. సినిమాల్లో నటించిన రావి కొండలరావుదీ అదే ఇంటిపేరు. ఆయన శ్రీకాకుళంలో పెరిగిన బ్రాహ్మణ కుటుంబం మనిషి. ఇద్దరు రావి వారికీ బంధుత్వం లేదు, మూడో ఆయన అసలు రావి వారే కాదు.

ఊరి పేరా, మరొకటా అన్నది తేలని ఇంటిపేర్లూ ఉన్నాయి. ముఖ్యమంత్రి అనుముల రేవంత్ రెడ్డిది నాగర్‌కర్నూల్ జిల్లా వంగూరు మండలం కొండారెడ్డిపల్లి. నల్లగొండ జిల్లాలో హాలియాను ఆనుకొని అనుముల అనే ఊరుంది. కుందూరు జానారెడ్డి గారిది ఆ ఊరే. అనుములు అంటే మనం కూర వండుకునే గింజలు కూడా. ఇంటిపేరు ఊరి నుంచి రావచ్చు, ఊరితో ఏ సంబంధం లేకుండా గింజ నుంచీ రావచ్చు. పేరు కలిసింది కదా అని ఒకరి పూర్వీకుల్ని ఇంకో ఊళ్లో నిలబెట్టడానికి లేదు.

పాలోళ్లా, కాదా

ఇంత గజిబిజిలో మన పెద్దవాళ్లు చుట్టరికం ఎలా తేల్చుకున్నారు? వాళ్లు ఎప్పుడూ ఒక్క ప్రశ్నతో ఆగలేదు. సంబంధం మాట్లాడే చోట ఈ పక్క ఊళ్లలో ఇప్పటికీ వినబడే మాటలు ఇవి:

“ఇంటిపేరేందన్నా?”

“దేవరకొండోళ్లం.”

“ఏ ఊరి దేవరకొండోళ్లు?”

“అచ్చంపేట దిక్కు.”

“మా అక్కనిచ్చింది గూడ దేవరకొండోళ్లకే. వాళ్లది మాల్ దిక్కు. మీకేమన్న పాలోళ్లా?”

“లేదన్నా. వాళ్లు వేరే, మేం వేరే. పురుడు, మైల ఏం లేవు.”

ఆఖరి మాటలోనే తీర్పంతా ఉంది. ఒకింట్లో బిడ్డ పుడితే ఎవరికి పురుడు, ఒకరు పోతే ఎవరికి మైల అన్నది తండ్రి వైపు రక్తసంబంధానికి పాత కాలపు దస్తావేజు. మైల పట్టేవాళ్లు పాలోళ్లు, అంటే ఒకప్పుడు భూమిలో పాలు పంచుకున్న దాయాదులు. పిల్లనివ్వడం, తెచ్చుకోవడం వాళ్ల మధ్య జరగదు. ఒకే కులంలో ఇంటిపేరు కలిస్తే, మైల లేకపోయినా సరే, అన్నదమ్ముల వరస అని పక్కకు తప్పుకునే వాళ్లే ఎక్కువ. గోత్రం చూసేవాళ్లు గోత్రం కూడా అడుగుతారు. కులం వేరైతే మాత్రం ఇంటిపేరు కలిసినా దానికి ఏ లెక్కా లేదు. ఇంటిపేరు, ఊరు, తండ్రి తాతల పేర్లు, మైల. ఈ నాలుగూ కలిస్తేనే ఒక మనిషి ఆచూకీ. ఇంటర్నెట్‌లో వెతికేటప్పుడు మనం మొదటిదాని దగ్గరే ఆగిపోతున్నాం.

పైగా ఈ లెక్కంతా మగవాళ్ల వైపు నుంచే. ఆడవాళ్ల ఇంటిపేరు పెళ్లితో మారిపోతుంది కాబట్టి, ఒక కుటుంబ చరిత్రలో సగం మంది ఇంటిపేరు దారిలో కనబడకుండా పోతారు. స్వరాజ్యం గారు చరిత్రలో నిలిచిన మనిషి కాబట్టి ఆమె పుట్టింటి పేరు మనకు తెలుసు. మామూలు ఇళ్లల్లో నాయనమ్మ పుట్టింటి పేరు అడిగితే చెప్పగలిగే మనవలు ఎందరు? ఇది నాకు బాధ కలిగించే విషయం. కనీసం పెళ్లి పత్రికలోనైనా తల్లి పుట్టింటి పేరు వేస్తే రేపటి తరానికి ఆ దారి మిగులుతుంది.

కులం పేరే ఇంటిపేరును కప్పేసిన సందర్భాలూ ఉన్నాయి. పాలకుర్తిలో దొరకు ఎదురు నిలిచిన ఐలమ్మ ఇంటిపేరు చిట్యాల. జనం నోట మాత్రం చాకలి ఐలమ్మ. 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టినప్పుడు కూడా అలాగే పెట్టారు. చిట్యాల ఐలమ్మ అని చదివి ఆమెది నల్లగొండ జిల్లా చిట్యాల అనుకునే వాళ్లున్నారు.

రెడ్డి, రావు ఇంటిపేర్లు కావు

బయటి రాష్ట్రాల వాళ్లు చేసే పెద్ద పొరపాటు పేరు చివరి మాటను ఇంటిపేరు అనుకోవడం. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. చివర ఉండే రెడ్డి, గౌడ్, యాదవ్, చారి కులాన్ని చెప్పే మాటలు. రావు అయితే కులాన్నీ కచ్చితంగా చెప్పదు, అది ఒక గౌరవ పదం. బ్రాహ్మణుల్లో ఉంది, వెలమల్లో ఉంది, ఇంకా చాలా కులాల్లో ఉంది. వనపర్తి సంస్థానాధీశులే దీనికి సాక్ష్యం. వాళ్ల ఇంటిపేరు జనుంపల్లి. వంశ మూలపురుషుడు వీరకృష్ణారెడ్డి. తర్వాతి తరాల రాజులు రామేశ్వరరావులు. ఇల్లు మారలేదు, ఇంటిపేరు మారలేదు, చివరి మాట మారింది.

కొందరి విషయంలో చివరి మాట అంత బలంగా నాటుకుపోతుంది కాబట్టి ఇంటిపేరు ఎవరికీ గుర్తుండదు. కేంద్ర మంత్రిగా పనిచేసిన జైపాల్ రెడ్డి ఇంటిపేరు సూదిని. జానారెడ్డిది కుందూరు. ఇంకొందరి ఇంటిపేరులోనే రెడ్డి ఉంటుంది. నార్కట్‌పల్లి మండలం బ్రాహ్మణ వెల్లెంలకు చెందిన కోమటిరెడ్డి సోదరులు, పైన చెప్పుకున్న భీమిరెడ్డి వారు అలాంటివాళ్లు. వాళ్ల పేర్లలో రెడ్డి రెండుసార్లు వస్తుంది. మొదటిది ఇంటిపేరులో భాగం, రెండోది కులం. కోమటిరెడ్డిలో కోమటి ఉంది కాబట్టి వాళ్లు వైశ్యులా అని అడిగేవాళ్లూ తగులుతారు. కాదు.

పాస్‌పోర్టు ఫారం దగ్గర ఈ తికమక డబ్బు ఖర్చు దాకా వస్తుంది. అందులో ‘గివెన్ నేమ్’, ‘సర్‌నేమ్’ అని రెండు గడులు. నల్లగొండలోనో, మహబూబ్‌నగర్‌లోనో ఒక నెట్ సెంటర్‌లో కూర్చుంటే ఒకే ఇంటి కాగితాలు మూడు రకాలుగా కనబడతాయి. తండ్రి ‘సర్‌నేమ్’ గడిలో రెడ్డి అని రాసుకున్నాడు. కొడుకు టెన్త్ మెమో చూసి ఇంటిపేరు రాశాడు. తల్లి ఆధార్‌లో ఇంటిపేరే లేదు, కాబట్టి ఆ గడి ఖాళీ. 2022 నవంబరులో యూఏఈ, పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్న ప్రయాణికుల్ని రానివ్వబోమని నిబంధన తెచ్చినప్పుడు ఆ ఖాళీ గడి ఉన్నవాళ్లకు ఎంత టెన్షన్ అయిందో తెలిసిందే. ముగ్గురూ ఒకే గడప వాళ్లు. కంప్యూటర్ లెక్కలో మాత్రం మూడు కుటుంబాలు.

ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదిస్తే ఇంకో ప్రమాదం. ‘జె. రామేశ్వరరావు, పాలమూరు’ అని ఎక్కడైనా చదివితే ఎవరనుకోవాలి? వనపర్తి రాజా జనుంపల్లి రామేశ్వరరావు ఉన్నారు. దౌత్యాధికారిగా చేశారు, మహబూబ్‌నగర్ ఎంపీ అయ్యారు, ఓరియంట్ లాంగ్‌మన్ ప్రచురణ సంస్థకు చైర్మన్‌గా ఉన్నారు. వాళ్ల ప్యాలెస్‌లోనే వనపర్తి పాలిటెక్నిక్ నడిచింది. మై హోం గ్రూపు అధినేత జూపల్లి రామేశ్వరరావు ఉన్నారు. కొల్లాపూర్ మండలం కుడికిళ్ల ఆయన ఊరు. ఒకరు సంస్థానం నుంచి పుస్తకాల వ్యాపారానికి వచ్చినవారు, ఒకరు పల్లె నుంచి ఇళ్లు, సిమెంటు వ్యాపారానికి ఎదిగినవారు. ఇద్దరూ ఉమ్మడి పాలమూరు బిడ్డలే, ఇద్దరూ జె. రామేశ్వరరావులే. పాత పత్రికల్లోని వార్త ఒకరిదైతే ఇంకొకరి ఖాతాలో వేయడం చాలా సులభం.

అదే కొల్లాపూర్ నుంచి పలుమార్లు ఎమ్మెల్యేగా గెలిచి మంత్రి అయిన జూపల్లి కృష్ణారావు ఉన్నారు. జూపల్లి అనే ఊరూ నాగర్‌కర్నూల్ జిల్లాలోనే ఉంది. ఒకే ప్రాంతం, ఒకే ఇంటిపేరు ఉన్నప్పుడు జనం వ్యాపారాన్నీ రాజకీయాన్నీ వెంటనే ముడివేస్తారు. ఈయన కంపెనీలో ఆయనకు వాటా ఉందా అన్నది ఇంటిపేరు చెప్పే సంగతి కాదు. అది కంపెనీ కాగితాలు చెప్పాలి.

బోర్డు మీది పేరు

వ్యాపారాల దగ్గరికి వస్తే చిక్కు మరో రూపం ఎత్తుతుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద చౌటుప్పల్ దాటే వాళ్లందరికీ లింగోజిగూడెంలోని దివీస్ ల్యాబ్స్ తెలుసు. 1990లో మొదలైన కంపెనీ, 1995లో అక్కడ మొదటి ఫ్యాక్టరీ పెట్టింది. వ్యవస్థాపకుడు దివి మురళీకృష్ణ. ‘దివి’ ఆయన ఇంటిపేరు. ఇది తిన్నగా ఇంటిపేరు మీద నడిచే కంపెనీ. ఇలాంటివి మన దగ్గర తక్కువ.

మిర్యాలగూడ వైపు వెళితే త్రిపురారం మండలం పెద్దదేవులపల్లిలో డాక్టర్ రెడ్డీస్ యూనిట్ ఉంది. పేరు చూస్తే ఇదీ ఇంటిపేరు మీద పెట్టినట్టే ఉంటుంది. కానీ 1984లో కంపెనీని స్థాపించిన అంజిరెడ్డి గారి ఇంటిపేరు కల్లం. బోర్డు మీద ఉన్నది కులాన్ని చెప్పే చివరి మాట. కల్లం అనే ఇంటిపేరు పెట్టుకున్న కంపెనీ కావాలంటే గుంటూరు వెళ్లాలి. అక్కడ కల్లం వారి స్పిన్నింగ్ మిల్లు ఉంది. దానికీ మందుల కంపెనీకీ సంబంధం లేదు.

ఈ ‘రెడ్డి’ మీద కోర్టు గొడవ కూడా నడిచింది. రెడ్డి ఫార్మాస్యూటికల్స్ అనే ఇంకో కంపెనీ మందుల మీద ఆ పేరు వాడుతోందని డాక్టర్ రెడ్డీస్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. రెడ్డి అన్నది దక్షిణాదిలో లక్షల మందికి ఉండే పేరు, దాని మీద ఒకరికే హక్కేమిటి అన్నది అవతలి వాళ్ల వాదన. 2004లో కోర్టు డాక్టర్ రెడ్డీస్ వైపు మొగ్గి, మందుల మీద ఆ పేరు వాడకుండా రెండో కంపెనీని ఆపింది. 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం 35వ సెక్షన్, ఒక మనిషి తన సొంత పేరును నిజాయితీగా వాడుకుంటే అడ్డుకోవద్దంటుంది. అందులో నిజాయితీ అన్నదే కీలకం. మీ పేరు మీరు పెట్టుకోవచ్చు, అదే సరుకు అమ్మే పేరున్న దుకాణం అనిపించేలా పెట్టుకుంటే కుదరదు. మన టౌన్లలో ఒకే పేరుతో పక్కపక్కనే వెలిసే దుకాణాల వాళ్లు ఇది తెలుసుకోవడం మంచిది.

ఇంటిపేరు కనబడకుండా దాక్కున్న కంపెనీలూ ఉన్నాయి. ఎంఎస్ఎన్ ల్యాబ్స్‌లో ‘ఎం’ అంటే మన్నె. వ్యవస్థాపకుడు మన్నె సత్యనారాయణ రెడ్డి పాలమూరు మనిషి. 2019లో మహబూబ్‌నగర్ ఎంపీగా గెలిచిన మన్నె శ్రీనివాస్ రెడ్డి ఆయన సోదరుడు. ఇక్కడ ఇంటిపేరు పట్టుకొని వెళితే నిజంగానే చుట్టరికం దొరుకుతుంది. కానీ బోర్డు మీద ఆ ఇంటిపేరు మొదటి అక్షరంగానే ఉంది. సూర్యాపేట జిల్లా మేళ్లచెర్వులో ఉన్న మహా సిమెంట్ ఫ్యాక్టరీ జూపల్లి వారిదని దాని పేరు ఎక్కడా చెప్పదు. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో యూనిట్లున్న అరబిందో, హెటెరో పేర్లలోనూ యజమానుల ఇంటిపేర్లు లేవు. హెటెరో స్థాపించిన పార్థసారథి రెడ్డి ఇంటిపేరు బండి. ఇక తుంగభద్ర అవతల కర్నూలులో 1948లో మొదలైన పుల్లారెడ్డి మిఠాయిల్లో ఉన్నది మనిషి పేరు. ఇంటిపేరు, ఆ మనిషి పేరుకు ముందున్న ‘జి’లో మిగిలింది.

ఊరి పేరు ఒకవైపు ఇంటిపేరు, ఇంకోవైపు సరుకు పేరు అయిన చోట జాగ్రత్త మరింత కావాలి. పోచంపల్లి ఇకత్‌కు 2005లో జీఐ, అంటే ఒక ప్రాంతపు సరుకుకు ఇచ్చే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు మీద హక్కు ఇప్పుడు ఆ ప్రాంతపు నేతకు ఉంది, పోచంపల్లి ఇంటిపేరు ఉన్నవాళ్లందరికీ కాదు. ఎమ్మెల్సీగా పనిచేసిన పోచంపల్లి శ్రీనివాస్ రెడ్డి వరంగల్ వైపు నాయకుడు. ఇంటిపేరు చూసి ఆయన్ను భూదాన్ పోచంపల్లికి చేర్చడం కుదరదు. హైదరాబాద్ మేయర్‌గా పనిచేసిన గద్వాల్ విజయలక్ష్మి తండ్రి కె. కేశవరావు. ఆ పేరులోని గద్వాలను బట్టి చీరల ఊరిని, సంస్థానాన్ని ఆమెకు అంటగట్టేవాళ్లను చూశాను.

సురభి: అన్నిటికన్నా పెద్ద ముడి

ఇన్ని ఉదాహరణలు ఒక ఎత్తు, సురభి ఒక ఎత్తు. పాలమూరులో సురభి అంటే మొదట గుర్తొచ్చేది జటప్రోలు సంస్థానం, తర్వాత దాని రాజధాని అయిన కొల్లాపూర్. ఆ వెలమ రాజుల ఇంటిపేరు సురభి. వాళ్లలో 17వ శతాబ్దపు సురభి మాధవరాయలు స్వయంగా కావ్యం రాసిన కవి. కృష్ణ ఒడ్డున వాళ్లు పోషించిన పండితుల పేర్లు ఇప్పటికీ ఆ వైపు పెద్దవాళ్లు చెబుతారు.

తెలుగు వాళ్లలో ఎక్కువ మందికి సురభి అంటే నాటకం. ఆ సురభి కడప జిల్లాలోని ఊరు. 1885లో వనారస గోవిందరావు అక్కడ కీచకవధ ఆడటంతో మొదలైన నాటక సమాజానికి ఊరి పేరే పడింది. వాళ్ల ఇంటిపేర్లు వనారస, రేకందార్ వంటివి. కానీ జనం నాటకాన్ని బట్టి మనిషిని పిలిచారు. 2013లో పద్మశ్రీ అందుకున్న రేకందార్ నాగేశ్వరరావును అందరూ సురభి బాబ్జీ అంటారు. ఆయనకు సురభి ఇంటిపేరు కాదు, వృత్తి తెచ్చిన పేరు. మన జిల్లాల్లో వాళ్ల నాటకాలు చూసినవాళ్లలో కొల్లాపూర్ రాజులే ఆ సమాజాన్ని పెట్టారనుకున్న వాళ్లూ ఉన్నారు. ఆ ఊహకు ఆధారం అక్షరాలు కలవడమే.

మూడో సురభి 2021లో ఓటరు స్లిప్పు మీద కనబడింది. మహబూబ్‌నగర్, రంగారెడ్డి, హైదరాబాద్ పట్టభద్రుల స్థానం నుంచి ఎమ్మెల్సీగా గెలిచిన సురభి వాణీదేవి మాజీ ప్రధాని పాములపర్తి వెంకట నరసింహారావు కూతురు. తండ్రి ఇంటిపేరు పాములపర్తి, కూతురిది సురభి. స్వరాజ్యం గారి విషయంలో చూసిందే ఇక్కడా జరిగింది. పాలమూరు ఓటరు ఆ పేరు చదివి కొల్లాపూర్ కోటను తలుచుకుంటే, ఆమె ఎవరి బిడ్డ అన్న అసలు సంగతి పక్కకు పోతుంది.

తేల్చుకునే దారులు

మనిషి గురించైతే ఇంటిపేరుతో పాటు ఊరు, పుట్టిన ఏడు రాయాలి. ఎమ్మెల్యే, ఎంపీలుగా పోటీ చేసినవాళ్ల అఫిడవిట్లలో తండ్రి లేదా భర్త పేరు, చిరునామా ఉంటాయి. అవి అందరూ చూడగలిగేవే. కంపెనీ గురించైతే బోర్డు మీది పేరును పక్కనపెట్టి, కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో డైరెక్టర్ల పేర్లు చూడాలి. షేర్ మార్కెట్లో ఉన్న కంపెనీ అయితే వార్షిక నివేదికలో ప్రమోటర్ల జాబితా ఉంటుంది. దాంట్లో పేరు లేని మనిషిని ఇంటిపేరు ఆధారంగా వాటాదారుగా రాయకూడదు.

ఇంగ్లీషు స్పెల్లింగును అసలే నమ్మకూడదు. శాసనమండలి చైర్మన్ గుత్తా సుఖేందర్ రెడ్డిది చిట్యాల మండలం ఉరుమడ్ల. 2010 కామన్వెల్త్ క్రీడల్లో అశ్విని పొన్నప్పతో కలిసి స్వర్ణం గెలిచిన బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల పుట్టింది వార్ధాలో. తెలుగులో ఇద్దరికీ ఒకటే అక్షరాలు, ఇంగ్లీషులో రెండు స్పెల్లింగులు. రెండు స్పెల్లింగులు ఉన్నాయి కాబట్టి ఇంటిపేర్లు వేరు అనడమూ తప్పే, తెలుగులో ఒకటే కాబట్టి బంధువులు అనడమూ తప్పే.

లైబ్రరీలో పనిచేసేవాళ్లకు ఈ బాధ ఎప్పటి నుంచో తెలుసు. తెలుగు పుస్తకాల కార్డులు ఇంటిపేరు వరసలో ఉంటాయి. ‘గడియారం’ దగ్గర ఆగితే ఇద్దరు పెద్దవాళ్లు ఒకరి వెనుక ఒకరు దొరుకుతారు. గడియారం వేంకట శేషశాస్త్రి శివభారతం రాసిన ప్రొద్దుటూరు కవి. గడియారం రామకృష్ణశర్మ అలంపురంలో ఉండి శాసనాలు చదివి, గుడుల చరిత్ర వెలికితీసి, 2007లో ఆత్మకథకు మరణానంతరం సాహిత్య అకాడమీ అవార్డు పొందినవారు. వరసగా ఉన్న ఆ కార్డుల్లో ఎవరి పుస్తకం ఎవరిదో ఇంటిపేరు చెప్పదు. దాని పక్కనున్న పూర్తి పేరు, ఊరు, పుట్టిన సంవత్సరం చూసి పుస్తకం తీసుకోవాలి.